గోడ ఎవరిది, రాత ఎవరిది?



విద్యార్థి సంఘాల క్లాసులకు వెళ్లినప్పుడల్లా ఒక ప్రశ్న ఎదురవుతుంది. “అన్నా, ఈ ఊళ్లో ఆస్తులన్నీ మనోళ్ల చెమటతో లేచినవే. మన తాతలకు సెంటు భూమి లేకుండా చేసినోళ్ల గోడ మీద నాలుగు అక్షరాలు రాస్తే తప్పేంటి? పరుల సొమ్ము పాము వంటిదని నీతులు చెప్పేది వాళ్లే. ఆ నీతి మనకెందుకు?”

ఈ ప్రశ్నలో కోపం ఉంది. ఆ కోపం వెనక చరిత్ర ఉంది. అయితే జవాబు కూడా అదే చరిత్రలో ఉంది. ఎదుటివాడి వస్తువును గౌరవించాలన్నది దొరలు మనకు నేర్పిన నీతి కాదు. దొరలు ఎన్నడూ పాటించని నీతి. చెరువు గట్టున, పొలం గట్టున, కోర్టు మెట్ల మీద నిలబడి ఆ నీతిని అడిగింది మనమే. కాబట్టి గోడ మీద బ్రష్ పెట్టే ముందు అందరికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది కూడా మనమే అంటాను. ఎందుకో ఈ భాగంలో చెప్తాను.

1. సొంతమనేదే లేకుండా చేసిన శాస్త్రం

మనుస్మృతి పదో అధ్యాయంలో 51, 52 శ్లోకాలు తీసి చదవండి. చండాలురు ఊరి బయట ఉండాలి. వాళ్ల ఆస్తి కుక్కలు, గాడిదలు. కట్టుకునేది శవాల మీది బట్ట. తినేది పగిలిన పాత్రలో. పెట్టుకునే నగ ఇనుము. అదే అధ్యాయం 129వ శ్లోకం, శూద్రుడికి సంపాదించే శక్తి ఉన్నా ధనం కూడబెట్టకూడదంటుంది. ఎనిమిదో అధ్యాయం 417వ శ్లోకం ఇంకో అడుగు ముందుకేసి, శూద్రుడి దగ్గరున్నది బ్రాహ్మణుడు ఏ జంకూ లేకుండా తీసుకోవచ్చంటుంది. కారణం? వాడికంటూ సొంతమైనది ఏమీ లేదు గనక!

ఒక్కసారి ఆగి ఆలోచించండి. దొంగతనానికి శిక్షలు రాసిన పుస్తకమే ఇది. ఎవరి వస్తువు ఎవరు తీసుకుంటే దొంగతనమో, ఎవరిది తీసుకుంటే ధర్మమో కులాన్ని బట్టి తేల్చింది. “పరుల సొమ్ము” అన్న మాటలో ఆ ‘పరులు’ మనం కాదు. మనకు సొమ్మే లేదన్నారు కాబట్టి మనల్ని దోచుకోవడం దోపిడీ కిందికే రాలేదు.

ఇది పుస్తకంలో ఆగిపోలేదు. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి గుర్తు చేసుకోండి. తోలు ఊనేది మాదిగ, చెప్పు కుట్టేది మాదిగ. దొరకు మాత్రం ఆ చెప్పులు ఊరికే ఇవ్వాలి. గొల్ల గొర్రెను ఇవ్వాలి, గౌడు కల్లు పోయాలి. ఇవ్వనన్నవాడికి దెబ్బలు. తన చేత్తో చేసిన వస్తువు మీద చేసినవాడికే హక్కు లేకపోవడం, అదీ వెట్టి అంటే. పరుల సొమ్ము పాము అని దొరగడీలో ఎవరైనా అనుకున్నారా?

అందుకే మనకు ‘నాది’ అనే మాట చిన్న మాట కాదు. అగ్రకులంలో పుట్టినవాడికి ‘నాది’ అన్నది పుట్టుకతో వచ్చింది. మనకు పోరాడితే వచ్చింది. డీ-ఫారం పట్టా చేతిలో పెట్టుకుని, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ట్రంకు పెట్టె అడుగున దాచుకునే అవ్వలను మీరు చూసే ఉంటారు. ఆ పట్టా భూములు కూడా పెద్దోళ్ల చేతుల్లోకి జారిపోతున్నాయనే 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. పేదవాడి దగ్గర ఆ భూమి కొన్నా ఆ కొనుగోలు చెల్లదని చట్టం రాయాల్సి వచ్చింది. మన ఆస్తిని గౌరవించమని చెప్పడానికి ఈ దేశంలో ప్రత్యేకంగా చట్టం కావాల్సి వచ్చిందన్నమాట.

2. మహాద్‌లో బాబాసాహెబ్ గీసిన గీత

‘మాది’, ‘అందరిది’, ‘వాళ్లది’. ఈ మూడు మాటల మధ్య తేడా ఎలా చూడాలో తెలియాలంటే మహాద్‌కు వెళ్లాలి. చెరువు నీళ్లు తాగిన రోజు దగ్గరే మనం ఎక్కువగా ఆగిపోతాం. దాని ముందూ వెనకా జరిగింది కూడా చూడండి.

1923లో ఎస్.కె. బోలే బొంబాయి శాసనమండలిలో తీర్మానం పెట్టి గెలిపించారు. ప్రభుత్వ డబ్బుతో కట్టిన, నడిచే చెరువులు, బావులు, సత్రాలు, బడులు అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చన్నది దాని సారం. 1924లో మహాద్ మున్సిపాలిటీ చవదార్ చెరువు అందరికీ తెరిచినట్టు తీర్మానించింది. కాగితం మీద తెరిచింది, గట్టు మీద తెరవలేదు. 1927 మార్చిలో మహాద్‌లో సభ పెట్టుకున్న మనవాళ్లు తాగడానికి 40 రూపాయల నీళ్లు కొనుక్కున్నారు. పక్కనే చెరువు నిండా నీళ్లు. ఆ చెరువు మున్సిపాలిటీది, అంటే అందరిదీ.

మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు దాడి చేశారు. ఆ పైన ఆవుపేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి 108 కుండలతో చెరువును ‘శుద్ధి’ చేశారు. ఆ ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంది. డిసెంబర్‌లో రెండో సభ. సభ మొదలయ్యే ముందే సవర్ణులు కోర్టుకు వెళ్లి తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు తెచ్చుకున్నారు. వాళ్ల వాదనేంటి? ఆ చెరువు అంటరానివాళ్లది కాదు, మాది, మా తరతరాల ఆచారం అని. చూశారా! మన వస్తువు దగ్గరికి వచ్చేసరికి ‘వాడికి సొంతమేమీ లేదు’. అందరి చెరువు దగ్గరికి వచ్చేసరికి ‘ఇది మా సొంతం’. ఆస్తి అనే మాటను రెండు వైపులా పదునున్న కత్తిలా వాడారు.

ఇక్కడ బాబాసాహెబ్ చేసిన రెండు పనులు గోడల గురించి మాట్లాడుకునే మనకు పాఠాలు.

ఒకటి. ఆ డిసెంబర్ సభకు సవర్ణులెవరూ స్థలం ఇవ్వలేదు. ఫత్తేఖాన్ అనే ముస్లిం తన స్థలం ఇచ్చారు. మనవాళ్లు ఎవరి పొలంలోనో పందిరి వేసి ‘ఏం చేస్తారో చూద్దాం’ అనలేదు. అడిగారు, ఇచ్చినవాడి దగ్గర తీసుకున్నారు. మనుస్మృతి కాలింది ఆ అడిగి తీసుకున్న నేల మీదే, 1927 డిసెంబర్ 25న.

రెండు. చెరువు మన హక్కు అని తెలిసి కూడా, వేలమంది సిద్ధంగా ఉన్నా, కోర్టు ఉత్తర్వు ఉన్నందున నీళ్లు ముట్టకుండా చెరువు చుట్టూ ఊరేగింపు తీసి వెనుదిరిగారు. అది భయం కాదు. చెరువు ఎవరిదో తేల్చుకుంటాం, తేల్చుకునే దాకా కొట్లాడతాం అన్న పట్టుదల. దాదాపు పదేళ్లు కొట్లాడారు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు సవర్ణుల అప్పీలు కొట్టేసింది. వాళ్లు చెప్పిన అనాది ఆచారం రుజువు కాలేదని తీర్పు.

తర్వాత రాజ్యాంగం వచ్చింది. 15వ అధికరణం రెండో క్లాజు చదవండి. ప్రభుత్వ నిధులతో నడిచే, లేదా ప్రజల కోసం అంకితమైన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు ఎవరికీ అడ్డుపెట్టకూడదు అని ఉంటుంది. నాకు ఆ వాక్యంలో మహాద్ నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. అందరిది అయినదాని మీద హక్కును ఒక్క అంగుళం కూడా వదలొద్దు. వేరేవాడి సొంతాన్ని అడగకుండా ముట్టొద్దు. ఏది ఏదో తేల్చుకోవడానికి ఎంత దూరమైనా వెళ్లు. మహాద్‌లో గీసిన గీత ఇది.

3. పేటలో గోడలకు యజమాని ఉండడా?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఎలక్షన్లు వచ్చినప్పుడు ఏ గోడ మీద ఏ రాత పడుతుందో గమనించండి. ఊళ్లో పెద్దల ప్రహరీ మీద గుర్తు వేయాలంటే మండలం నాయకుడు స్వయంగా వెళ్లి, అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, “అన్నగారూ, మీ గోడ...” అని అడుగుతాడు. పేటలోకి వచ్చేసరికి అడగడం ఉండదు. రాత్రికి రాత్రి ఆటోలో డబ్బాలు దిగుతాయి. తెల్లారేసరికి మన గోడ మీద ఎవడిదో బొమ్మ. సిమెంటు కంపెనీ ప్రకటన అయినా అంతే, సినిమా పోస్టర్ అయినా అంతే.

మా అమ్మ ఏటా క్రిస్మస్‌కు ముందు ఇంటి ముందు గోడకు సున్నం కొట్టేది. కూలి డబ్బుల్లోంచి మిగిల్చి సున్నం తెచ్చి, రాత్రి నానబెట్టి, అందులో కాస్త నీలిమందు కలిపి, పొద్దున్నే చీర కొంగు నడుముకు దోపుకుని మొదలుపెట్టేది. ఒక ఏడాది సున్నం ఆరీ ఆరకముందే ఒక పార్టీవాళ్లు అర్ధరాత్రి వచ్చి గోడ పొడుగునా రాసిపోయారు. మా అమ్మ ఆ పార్టీకే ఓటేసేది. పొద్దున లేచి చూసి ఒకే మాట అంది. “అడిగితే ఒక పక్క నేనే ఇచ్చేదాన్ని కదరా!”

ఆస్తి గురించి నేను చదివిన పెద్ద పెద్ద పుస్తకాలన్నిటికన్నా ఆ మాట నాకు ఎక్కువ నేర్పింది. ఆమె బాధ గోడ పాడైందని కాదు. ఈ గోడకు ఒక మనిషి ఉందని ఎవరూ అనుకోలేదే అని. ‘వాడికంటూ సొంతమైనది ఏమీ లేదు’ అన్న మనువు శ్లోకం సంస్కృతం ఒక్క ముక్క రాని ఆటోవాడికి, డబ్బా మోసినవాడికి ఎలా వచ్చింది? అది చదివితే వచ్చేది కాదు. ఊరి గాలిలో ఉంటుంది.

చట్టం లేక కాదు. ఎన్నికల ప్రవర్తనా నియమావళి స్పష్టంగానే చెబుతుంది. ఎవరి స్థలం, ఇల్లు, ప్రహరీ అయినా సరే, వాళ్ల అనుమతి లేకుండా జెండాలు కట్టకూడదు, నినాదాలు రాయకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ స్థలాలను వికారం చేయడాన్ని నిషేధిస్తూ 1997లో చట్టమూ వచ్చింది. ఇవి పెద్దోళ్ల ప్రహరీ దగ్గర పనిచేస్తాయి. పేట మలుపు దగ్గరికి వచ్చేసరికి నిద్రపోతాయి.

ఇక్కడే నా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మన సంఘాలు కూడా సభ ప్రచారానికి మొదట వెతికేది పేట గోడలనే. ఎందుకు? ‘మనోళ్లే కదా, ఏమంటారు’ అని. మనోళ్లు ఏమీ అనలేరన్న ధైర్యంతో వాళ్ల గోడ వాడుకుంటే, ఆ ధైర్యం ఎవరి దగ్గర నుంచి అరువు తెచ్చుకున్నది? మనవాడి తలుపు తట్టి “పెదనాన్నా, ఫలానా రోజు సభ ఉంది, మీ గోడ మీద రాసుకుంటాం” అని అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో ఆయన సభకు వచ్చే మనిషి అవుతాడు. అడగకపోతే ఆయన గోడ మాత్రమే మనతో ఉంటుంది.

4. మనం పేరు రాస్తే వాళ్లు ఇల్లు కాల్చారు

‘గోడ మీద రాత వల్ల ఏమవుతుందిలే’ అనుకునేవాళ్లకు రెండు సంఘటనలు గుర్తు చేస్తాను.

1978 జూలై 27న మహారాష్ట్ర శాసనసభ ఔరంగాబాద్‌లోని మరాఠ్వాడా యూనివర్సిటీకి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టాలని తీర్మానించింది. అది ఎవరి సొంత ఇల్లూ కాదు. ప్రజల డబ్బుతో నడిచే విద్యాలయం. దాని బోర్డు మీద కొన్ని అక్షరాలు మారాలి, అంతే. దానికి బదులుగా మరాఠ్వాడా పల్లెల్లో దళితుల ఇళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు, బావులు పాడుచేశారు. ఆ అక్షరాలు బోర్డు మీదికి ఎక్కడానికి 1994 జనవరి 14 దాకా పట్టింది.

ఇది ఎక్కడో మహారాష్ట్ర కథ అనుకునే వీలు మనకు లేకుండా 2022 వచ్చింది. కొత్త జిల్లాగా ఏర్పడిన కోనసీమకు బాబాసాహెబ్ పేరు చేరుస్తామని ప్రభుత్వం మే నెలలో ప్రకటన ఇచ్చింది. మే 24న అమలాపురం తగలబడింది. దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి నిప్పుపెట్టారు. ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పుపెట్టారు. బస్సులు కాల్చారు. జూన్‌లో మంత్రివర్గం ఆ పేరునే ఖాయం చేసింది.

రెండు చోట్లా జరిగింది ఒకటే. మనం అడిగింది అందరి ఆస్తి మీద ఒక పేరు. వాళ్లు కాల్చింది సొంత ఇళ్లను. ప్రజల ఆస్తి మీద మనకు వాటా లేదనీ, మన సొంత ఆస్తికి రక్షణ లేదనీ ఒకే అగ్గిపుల్లతో చెప్పారు. మంత్రి అయినా సరే, ఇల్లు వాడలోని ఇల్లే వాళ్లకు.

5. ఏది రాత, ఏది అవమానం?

అయితే ఎదుటివైపు కూడా గోడల మీద రాస్తారు. విగ్రహాల మీద పూస్తారు. దానినీ ‘భావప్రకటన’ అందామా? అనలేం. ఎందుకో చూద్దాం.

1997 జూలై 11న ముంబయి ఘాట్కోపర్‌లోని రమాబాయి అంబేద్కర్ నగర్‌లో తెల్లారేసరికి బాబాసాహెబ్ విగ్రహానికి చెప్పుల దండ కనిపించింది. జనం రోడ్డెక్కారు. రిజర్వు పోలీసులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. అంతకు పన్నెండేళ్ల ముందు మన కారంచేడు. 1985 జూలైలో మాదిగలు తాగే చెరువు నీళ్లలో గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ‘ఇది మేం తాగే నీళ్లయ్యా’ అని అడగడమే నేరమైంది. కొట్టబోతే ఒక మాదిగ ఆడబిడ్డ తన బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురిని చంపారు.

చెప్పుల దండకు విగ్రహం పగలదు. కుడితికి చెరువు ఎండిపోదు. డబ్బులెక్క వేస్తే ‘నష్టం’ ఏమీ లేదు. మరి అంత బాధ ఎందుకు? ఎందుకంటే అక్కడ పూసింది వస్తువు మీద కాదు, ఆ వస్తువును తమదనుకున్న మనుషుల మీద. ‘మీది అని మీరనుకునేది ఏదీ మీది కాదు’ అని చెప్పడానికి పూశారు.

ఈ తేడాను చట్టం ఆలస్యంగానైనా పట్టుకుంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం మన భూమిని ఆక్రమించడాన్నీ, మనం వాడుకునే నీటిని పాడుచేయడాన్నీ నేరాలుగా రాసింది. 2015 సవరణ, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చి, మనం పవిత్రంగా, గౌరవంగా చూసుకునే వస్తువులను ధ్వంసం చేయడం, అపవిత్రం చేయడం నేరమంది. విగ్రహాలు, ఫొటోలు, చిత్రపటాలు కూడా అందులోకి వస్తాయని విడమరిచి చెప్పింది. మనం గౌరవించే దివంగత నాయకులను మాటతో గానీ రాతతో గానీ అవమానించడమూ నేరమే. ఈ సెక్షన్లు మనవాళ్ల రక్తంతో వచ్చినవి. వాటిని చేతిలో పట్టుకుని నిలబడ్డవాడు, తాను మాత్రం ఎదుటివాడు పవిత్రంగా చూసుకునేదాని మీద రాత్రిపూట బూతు రాసి రాలేడు. రాస్తే ఆ సెక్షన్ల వెనకున్న నీతి మన చేతిలోంచి జారిపోతుంది.

6. కడిగేది ఎవరు?

క్యాంపస్ పిల్లలకు ఇంకో మాట. యూనివర్సిటీ గోడ ప్రజలది. అక్కడ నినాదం రాయడం, బొమ్మ వేయడం విద్యార్థి ఉద్యమాలకు కొత్త కాదు. 2016 జనవరిలో రోహిత్ వేముల పోయిన తర్వాత అతని ముఖం ఎన్ని క్యాంపస్‌ల గోడల మీద కనిపించిందో మీకు తెలుసు. అధికారులకు వినబడని మాటను గోడ చెప్పింది. దాన్ని నేను తప్పుపట్టను. రాసినవాడు తన పేరుతో నిలబడి, శిక్ష వేస్తే అనుభవించడానికి సిద్ధపడితే అది మహాద్ దారే.

కానీ ఒక ప్రశ్న వేసుకోండి. ఆ రాతను తెల్లారి చెరిపేది ఎవరు? వీసీ చెరపడు. రిజిస్ట్రార్ చెరపడు. కాంట్రాక్టు మీద పనిచేసే సఫాయి అక్క చెరుపుతుంది. ఆమె ఎక్కువగా మన వాడ మనిషే. ఆయిల్ పెయింటును వైరు బ్రష్‌తో గీకి గీకి ఆమె వేళ్లు పగులుతాయి. ఆ పనికి ఆమెకు అదనపు కూలి ఎవరూ ఇవ్వరు. హాస్టల్ మరుగుదొడ్ల గోడల మీద కులం పేరుతో బూతులు రాసే వీరులుంటారు చూశారా, ఆ బూతును మొదట చదివేదీ, ఆ బూతు తనను ఉద్దేశించిందే అయినా దాన్ని కడిగేదీ కూడా ఆమే.

వస్తువును గౌరవించడం అంటే ఇటుకకు దండం పెట్టడం కాదు. ఆ వస్తువులో దాగున్న మనిషి పనిని చూడటం. మా అమ్మ సున్నం, సఫాయి అక్క చీపురు, చెప్పు కుట్టిన తాత సూది. మనువుకు కనిపించనిది అదే. అంబేద్కర్‌వాదికి మొదట కనిపించాల్సింది అదే.

7. మరి ఎక్కడ రాద్దాం?

రాయొద్దని నేను అనడం లేదు. అక్షరం ముట్టుకోనివ్వని దేశంలో అక్షరాన్ని గోడంత పెద్దదిగా రాయడం మనకు పండగే. రాద్దాం. ఎలా రాయాలో నాలుగు ముక్కలు చెప్తాను.

సొంత గోడ ఉన్నవాళ్లు మొదట మీ ఇంటి గోడ మీద రాయండి. వీధిలోకి కనిపించే నీలం రంగు ‘జై భీమ్’కు ఎంత ధైర్యం కావాలో ఊళ్లో ఉండేవాళ్లకు తెలుసు.

వేరేవాళ్ల గోడ అయితే అడగండి. పేదవాడి గోడ అయితే ఇంకా ముందుగా అడగండి. వద్దంటే నవ్వుతూ వెనక్కి రండి. వద్దనే హక్కు ఆ ఇంటికి ఉండటమే మన ఉద్యమం సాధించిన విజయం. సభ అయిపోయాక సున్నం డబ్బా పట్టుకెళ్లి గోడ తిరిగి తెల్లగా చేసి రండి.

ప్రజల గోడ అయితే, కమ్యూనిటీ హాలు అయినా పంచాయతీ ఆఫీసు అయినా, తీర్మానం చేయించండి. అనుమతి అర్జీ పెట్టండి. కుదరదంటే, వేరే కులం నాయకుడి బొమ్మకు ఎలా కుదిరిందో సమాచార హక్కు కింద అడగండి. అందరి గోడ మీద మన వాటాను దొంగచాటుగా కాదు, పట్టపగలు తీసుకుందాం.

ఎవరి గోడ మీద రాసినా, అబద్ధం రాయకండి, ఆడవాళ్లను కించపరిచే మాట రాయకండి, ఎదుటి మతాన్ని తిట్టకండి. చెరిపే మనిషి గుర్తుండాలి.

మన పూర్వీకులకు రాసుకోవడానికి గోడ లేదు. వాళ్ల వస్తువులకు విలువ లేదు, వాళ్ల మాటకు చోటు లేదు. మనకు ఇప్పుడు కొద్దో గొప్పో రెండూ ఉన్నాయి. వాటిని తెచ్చిపెట్టిన మనిషి, చెరువు తనదని తెలిసీ పదేళ్లు కోర్టులో నిలబడ్డాడు. తలుపు తట్టి అడగడానికి మనకు రెండు నిమిషాలు చాలు.

వచ్చే భాగంలో పోరంబోకు భూములు, శ్మశానాల గురించి రాస్తాను. మీ ఊళ్లో శ్మశానానికి దారి ఉందా లేదా కామెంట్‌లో చెప్పండి.

జై భీమ్.